లీటరు బొరుగులు ఎన్ని కిలోలు?

మా ఇంట్లో బొరుగుల మాట ఎత్తకూడదు. ఎత్తితే మా ఆవిడ భారతి చేతిలో ఆ సమయానికి ఏది ఉంటే అది పైకి లేస్తుంది. గరిటె అయితే పర్వాలేదు, తప్పుకోవచ్చు. ఒకసారి కుక్కర్ మూత లేచింది. ఇంతకీ ఏం చేశావయ్యా అంటారా? చెబుతాను. కాకపోతే ముందే చెప్పేస్తున్నాను, ఇందులో ఒక ఇంజనీరు చదువూ, రాయలసీమ పరువూ రెండూ కలిసి నట్టేట మునుగుతాయి. గుండె చిక్కబట్టుకుని చదవండి.

అప్పటికి మేం అనంతపురం నుంచి ఢిల్లీ వచ్చి ఎక్కువ కాలం కాలేదు. నోయిడాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మయూర్ విహార్‌లో మూడో అంతస్తులో అద్దె ఫ్లాటు. లిఫ్టు లేదు. నాకు అప్పుడు రెండు జబ్బులుండేవి. ఒకటి, ప్రపంచంలో ప్రతి సమస్యకూ ఒక ఫార్ములా ఉంటుందని నమ్మడం. రెండోది, ఆ ఫార్ములా నాకు తెలుసని నమ్మడం. మొదటిది ఇంకా కొంచెం ఉంది. రెండోది ఈ కథతో నయమైపోయింది.

మా సొసైటీలో తెలుగు కుటుంబాలు బాగానే ఉన్నాయి. చలికాలంలో నెలకో ఆదివారం అందరం కింద లాన్‌లో చేరి, ఎండకు వీపు పెట్టుకుని టిఫిన్ తింటాం. ఢిల్లీ చలిలో ఆ ఎండ ఎంత బాగుంటుందో వచ్చి కూర్చుంటే గానీ తెలియదు. ఏ టిఫిన్ అనేది నిర్ణయించేది మాత్రం వీరభద్రం గారు. అమలాపురం వైపు ఆయన. కేంద్ర ప్రభుత్వంలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యారు, కానీ ఆర్డర్లు వెయ్యడం నుంచి ఇంకా రిటైరవలేదు. ఒక నెల పెసరట్టు ఉప్మా అంటారు. ఇంకో నెల మార్పు ఉండాలి కదా అని ఉప్మా పెసరట్టు అంటారు.

ఒక ఆదివారం నాకు తిక్క రేగింది.

"వీరభద్రం గారూ, మా వైపు కూడా ఒక టిఫిన్ ఉందండీ. ఉగ్గాని," అన్నాను.

"అదేంటండీ, అజీర్తి మందు పేరులా ఉంది?"

అందరూ నవ్వారు. నా ఒళ్ళు మండింది.

"బొరుగులు నీళ్ళలో తడిపి పిండేసి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ తాలింపులో వేసి, పైన పప్పుల పొడి చల్లి, పక్కన మిరపకాయ బజ్జీ పెట్టుకుని తింటే ఉంటుంది చూడండీ..."

"బొరుగులంటే మరమరాలేగా? మా వైపు అవి పిల్లలకి పెడతామండీ, ఏడుపు మాన్పడానికి."

ఈసారి ఇంకా గట్టిగా నవ్వారు. కర్నూలు వాళ్ళూ కడప వాళ్ళూ మాత్రం నవ్వలేదు. పళ్ళెంలో పెసరట్టు పెట్టుకుని నా వైపే చూశారు. ఆ చూపుల్లో ఏముందో నాకు అర్థమైంది. ఇప్పుడు నేను నోరు మూసుకుంటే సీమ మొత్తం నోరు మూసుకున్నట్టే.

"ఒక్క ఛాన్స్ ఇవ్వండి. ఆ తర్వాత మాట్లాడదాం," అన్నాను.

వీరభద్రం గారు కళ్ళద్దాలు సవరించుకున్నారు. "సరేనండీ. వచ్చే నెల టిఫిన్ మీది. అరవై మంది ఉంటారు. బాగుందా, ఇక మీదట నెల విడిచి నెల ఉగ్గానే పెడదాం. తేడా వచ్చిందా, ఈ లాన్‌లో మళ్ళీ ఉగ్గాని పేరు వినపడకూడదు. ఒప్పుకుంటారా?"

"ఒప్పుకున్నా!"

పక్కనే ఉన్న భారతి నా మోచేతిని గిల్లింది. దాన్ని నేను ప్రోత్సాహం అనుకున్నాను.

ఇంటికొచ్చాక భారతి చెప్పింది, "వంట నేను చేస్తా. బజ్జీలు కడప వాళ్ళు వేస్తామన్నారు. బొరుగులు ఎన్ని కావాల్నో అత్తమ్మను అడిగి చెప్పు, నేను తెప్పిస్తా."

"నువ్వెందుకు? ఆ మాత్రం నేను తెప్పించలేనా?"

"నువ్వా?"

ఆ 'నువ్వా'లో ఉన్న అనుమానం నన్ను ఎంత రెచ్చగొట్టిందంటే, ఆమె స్నానానికి వెళ్ళగానే అమ్మకు ఫోన్ చేశాను.

"అమ్మా, ఉగ్గానికి బొరుగులు ఎన్ని పోయాల?"

"ఇద్దరికి పడి పోసుకో నాయనా. సరిగ్గా సరిపోతాది."

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. మా వైపు బొరుగుల్ని ఎవరూ తూచరు. సంతలో బొరుగుల బస్తా ముందు పడి పెట్టుకుని కూర్చుంటారు. పడి అంటే ఇనుప కొలపాత్ర. దాన్ని బొరుగుల్లో ముంచి, గోపురంలా పైకి నింపి, సంచిలో గుమ్మరిస్తారు. మళ్ళీ ఒక గుప్పెడు కొసరు వేస్తారు. బొరుగులకు కిలోలు ఉంటాయన్న సంగతి నాకు ఢిల్లీ వచ్చాకే తెలిసింది. ఇక్కడ అన్నీ కిలోలే.

"పడి అంటే ఎన్ని కిలోలమ్మా?"

"బొరుగులు ఎవురన్నా తూస్తారా నాయనా? గాలికి పోయేటివి."

చూశారా, మా అమ్మ చెప్పింది. స్పష్టంగా చెప్పింది. కానీ కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషికి వంటింట్లో మాటలు చెవికెక్కుతాయా? అరవై మందికి ముప్పై పడి. పడికి ఉరమరగా లీటరున్నర. ముప్పై ఒకటిన్నరలు నలభై అయిదు లీటర్లు. ఇక లీటరుకు కిలో. ఇది నాకు ఐదో తరగతిలో చెప్పారు. అలా చెప్పిన మాస్టారు నీళ్ళ గురించి చెబుతున్నారన్న చిన్న వివరం మాత్రం నా బుర్రలో ఎక్కడో జారిపోయింది. నలభై అయిదు లీటర్లంటే నలభై అయిదు కిలోలు. లెక్క అంత శుభ్రంగా తేలేసరికి నా భుజం నేనే తట్టుకున్నాను.

ఘాజియాబాద్‌లో హోల్‌సేల్‌గా అమ్మే సేఠ్ నంబరు ఆఫీసులో ఎవరో ఇస్తే ఆయనకు ఫోన్ చేశాను.

"మురమురా కావాలి భయ్యా. నలభై అయిదు కిలోలు." నా హిందీ అప్పట్లో ఇంకా తప్పటడుగులే వేస్తోంది.

సేఠ్ లెక్క మళ్ళీ అడిగాడు. "పైంతాలీస్ కిలో? పక్కా?"

"పక్కా."

"దుకాన్ ఖోల్ రహే హో, భాయ్‌సాబ్?"

"దుకాణం కాదు భయ్యా, నాష్తా."

"నాష్తా? కిస్‌కా నాష్తా? హాథీ కా?"

ఏనుగుల టిఫినా అని అడిగాడన్నమాట. ఢిల్లీ వాళ్ళ వెటకారం ఇలాగే ఉంటుంది కాబోలు అనుకుని, నేనూ ఒక నవ్వు నవ్వి అడ్రసు చెప్పాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేనే రెండు పీకాలనిపిస్తుంది.

టిఫిన్ రేపనగా, శనివారం పొద్దున భారతి కూరగాయలకు వెళ్ళింది. గేటు నుంచి ఇంటర్‌కామ్ మోగింది.

"సాబ్, ఇల్లు ఖాళీ చేస్తున్నారా?" అని హిందీలో అడిగాడు సెక్యూరిటీ గార్డు.

"లేదే! ఎందుకు?"

"టెంపో వచ్చింది. మీ పేరే చెబుతున్నాడు."

కిందికి దిగి చూశాను. టెంపోలో అయిదు బస్తాలు నిలబడి ఉన్నాయి. బస్తా అంటే మీరు బియ్యం బస్తా అనుకుంటున్నారు. కాదు. ఒక్కొక్కటి నా గడ్డం దాకా వస్తుంది. నడుము మాత్రం నాకంటే చాలా పెద్దది.

"ఇవన్నీ నాకేనా?" అన్నాను.

"వజన్ బరాబర్ హై, సాబ్," అన్నాడు డ్రైవరు. తూకం సరిగ్గానే ఉందట. తూకం గురించి ఎవరికయ్యా బెంగ!

బస్తాలు కింద పడేసి అతను వెళ్ళిపోయాడు. ఇక మెట్లు. బరువు లేదు, అది నిజం. ఒక బస్తాను చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తేశాను. కానీ మెట్ల మలుపు దగ్గర బస్తా అడ్డం తిరిగింది. పైకి పోదు, కిందికి రాదు. బస్తాకు అవతల ఎవరో దగ్గుతున్నారు.

"ఎక్స్‌క్యూజ్ మీ, భాయ్‌సాబ్, ఆఫీసుకి టైమవుతోంది," అని ఇంగ్లీషులో గొంతు.

"ఒక్క నిమిషమండీ, తోయండి!"

"ఎటు తోయాలి?"

ఆయన కిందికి తోశాడు, నేను పైకి తోశాను. మధ్యలో బొరుగులు కరకరమన్నాయి. చివరికి నేను, బస్తా, రెండో అంతస్తు చెప్పుల స్టాండు, ముగ్గురం కలిసి కిందికొచ్చాం.

ఎలాగో అన్నీ పైకి చేర్చాను. రెండు హాల్లో, ఒకటి బాత్రూంలో, ఒకటి మంచం మీద, ఒకటి బాల్కనీలో. అప్పుడు భారతి వచ్చింది. తలుపు సగమే తెరుచుకుంది. ఆ సందులోంచి తల లోపలికి పెట్టింది.

"ఏందప్పా ఇవి?"

"బొరుగులు."

"ఎవురివి?"

"మనవే."

"ఎందుకు?"

"ఉగ్గానికి. ముప్పై పడి అంటే నలభై అయిదు లీటర్లు, అంటే నలభై అయిదు కిలోలు. లెక్క సరిగ్గానే..." అంటుండగానే నా గొంతు నాకే చిన్నదిగా వినిపించింది.

భారతి పక్కకు తిరిగి లోపలికి వచ్చి, వంటింట్లోకి వెళ్ళి, నా ఒక చేతిలో నీళ్ళ గ్లాసు పెట్టింది. రెండో చేతిలో బస్తాలోంచి ముంచిన బొరుగుల గ్లాసు పెట్టింది.

"ఏది బరువుంది?"

"నీళ్ళు."

"బొరుగులు?"

"వట్టి గ్లాసు పట్టుకున్నట్టుంది."

"మరి రెండూ లీటరుకు కిలో ఎట్లయితాయి? బి.టెక్‌లో ఏమి చెప్పినారప్పా నీకు?"

నేను నీళ్ళు తాగేశాను. అంతకు మించి ఆ గ్లాసుతో చేయగలిగింది ఏముంది?

"అరవై మందికి అర బస్తా చాలు," అంది భారతి. "మిగతావి యాడ పెట్టాల? నా నెత్తిన పెట్టుకోవాల్నా? స్నానం ఎట్ల చేయాల? యాడ పండుకోవాల?"

సేఠ్‌కు ఫోన్ చేశాను. వెనక్కి తీసుకోమంటే ఆయన పగలబడి నవ్వాడు. చలికాలం మంచుకు తేమ పడుతుంది, ఒకసారి గడప దాటిన మురమురా మళ్ళీ రాదు, అన్నాడు. ఏనుగులు బాగున్నాయా అని కూడా అడిగాడు.

ఇంతలో బాల్కనీలో ఏదో గోల. వెళ్ళి చూస్తే బస్తాకు చిల్లు పడింది. మయూర్ విహార్‌లో ఉన్న పావురాలన్నీ మా బాల్కనీలోనే ఉన్నాయి. పక్క పేటల పావురాలకు కూడా కబురు వెళ్ళినట్టుంది. నేను టవల్ ఊపితే అవి కాస్త జరిగి నాకూ చోటిచ్చాయి తప్ప ఎగరలేదు.

కాలింగ్ బెల్ మోగింది. తలుపు కంతలోంచి చూశాను. వీరభద్రం గారు!

"చచ్చాం," అన్నాను గుసగుసగా. "ఇవి చూశాడంటే టిఫిన్ ఇప్పుడే రద్దు చేస్తాడు. ఇద్దరికి ఎంత పొయ్యాలో కూడా తెలియనివాడివి, అరవై మందికి వండుతావా అంటాడు."

భారతి చురుకైన మనిషి. హాల్లో ఉన్న రెండు బస్తాల్నీ పడుకోబెట్టి, పైన పూల దుప్పటి పరిచి, రెండు దిండ్లు వేసింది. తలుపు తీశాను.

"ఏవండీ, మీ బాల్కనీలో పావురాల సభ జరుగుతోంది, ఏంటి సంగతి?"

"పుణ్యం కదండీ, గింజలు వేస్తున్నాం."

"మంచిదే. అయితే పుణ్యం కాస్త తగ్గించండి, కింద నా కారు మీద పడుతోంది." అంటూ ఆయన హాలంతా చూశారు. "ఇదెప్పుడు కొన్నారు?"

"దివాన్ అండీ. ఈ రోజే వచ్చింది," అంది భారతి.

"భలేగా ఉందే!" అని, నేను కుర్చీ లాగేలోపే ఆయన దాని మీద కూర్చున్నారు.

కూర్చున్నారు అనకూడదు. కూర్చోవడం మొదలుపెట్టారు. ఆయన దిగుతూనే ఉన్నారు. కరకర, కరకర, కరకర. మోకాళ్ళు పైకి, నడుము కిందికి. చివరికి ఆయన మొహమూ మోకాళ్ళూ ఒకే ఎత్తుకు వచ్చాక ఆగారు. అప్పుడు ఊపిరి పీల్చారు. మళ్ళీ ఒక కర.

"మీ దివాన్ ఏంటండీ, నముల్తోంది?"

"కొత్తది కదండీ," అన్నాను. "సర్దుకోవాలి."

"స్ప్రింగులా?"

"ఆ... దేశవాళీ స్ప్రింగులు."

చెరో చెయ్యీ పట్టుకుని లాగి ఆయన్ని లేపాం. ఆయన ప్యాంటుకు వెనకాల నాలుగు బొరుగులు అంటుకుని ఉన్నాయి. భారతి నా వైపు చూసింది, నేను గోడ వైపు చూశాను. ఆయన అలాగే మెట్లు దిగి వెళ్ళిపోయారు. రాత్రి బాత్రూంలో బస్తాను కౌగిలించుకుని పళ్ళు తోముకున్నాను.

ఆదివారం వచ్చింది. కొలతలన్నీ భారతి చేతిలోకి వెళ్ళిపోయాయి. నాకు ఉల్లిపాయలు తరిగే పని మాత్రమే ఇచ్చింది, అదీ ఎన్ని తరగాలో తనే లెక్కపెట్టి ముందు పెట్టి. నా ఏడుపుకు ఉల్లిపాయల సాకు దొరికింది, అది వేరే విషయం. పెద్ద గిన్నెలో తాలింపు చిటపటలాడింది. పసుపు, చింతపండు పులుసు, తడిపి పిండిన బొరుగులు, చివర్లో పప్పుల పొడి. కడప వాళ్ళ బజ్జీల వాసన గేటు దాకా వెళ్ళింది. ఎండ అప్పుడే మంచు తెర తీసుకుని వచ్చింది.

మొదటి పళ్ళెం వీరభద్రం గారికే ఇచ్చాను. లాన్‌లో సీమ వాళ్ళందరూ తినడం ఆపి ఆయన నోటి వైపే చూస్తున్నారు. ఆయన ఒక ముద్ద పెట్టుకున్నారు. నమిలారు. బజ్జీ కొరికారు. కళ్ళు మూసుకున్నారు. మళ్ళీ ఒక ముద్ద పెట్టుకున్నారు.

"ఆయ్, రాజశేఖరం గారూ," అన్నారు చివరికి. "ఒప్పుకుంటున్నానండీ. అద్భుతం! మరి కాస్త వేయండి."

లాన్‌లో కేకలు. కర్నూలాయన నన్ను ఎత్తేశాడు. భారతి కళ్ళల్లో కూడా నవ్వు కనబడింది. నిజం చెబుతున్నాను, ఆ నిమిషంలో నాకు ఎంత సంతోషం వేసిందంటే కిందటి రోజు సంగతంతా మర్చిపోయాను. మా అమ్మ వంట ఢిల్లీలో గెలిచింది. ఇంకేం కావాలి?

వీరభద్రం గారు లేచి నిలబడ్డారు. "అందరూ వినండి. ఇక నుంచి ఉగ్గాని నెల విడిచి నెల కాదు. ప్రతి ఆదివారం!"

"ప్రతి ఆదివారమా?" అన్నాను.

"అవునండీ. మీ ఇంట్లో దివాన్ చెల్లేదాకా. నిన్న నా ప్యాంటు ఉతకడానికి వేస్తే మా ఆవిడ మరమరాలు ఏరిపెట్టింది లెండి."

అందరూ చప్పట్లు కొట్టారు. నేను కూడా కొట్టాను. ఇంకేం చేస్తాను?

ఆ తర్వాత మా జీవితం ఎలా సాగిందో ఊహించుకోండి. ఆదివారం లాన్‌లో అందరికీ ఉగ్గాని. సోమవారం నా డబ్బాలో ఉగ్గాని. సాయంత్రం బొరుగుల మిక్చరు, మర్నాడు బెల్లం పాకంతో బొరుగుల ఉండలు, ఆ పైన బొరుగులూ శనగలూ. భారతి మజ్జిగలో కూడా వేసింది. నేను అడగలేదు, అడిగే హక్కు నాకు లేదు. రెండో ఆదివారం అందరూ ఇష్టంగా తిన్నారు. మూడో ఆదివారం మర్యాదకు తిన్నారు. ఆ పైన జనం మెల్లగా పల్చబడ్డారు. మెట్రోలో నా చేతిలో డబ్బా చూసి కర్నూలాయన పక్క పెట్టెలోకి మారిపోయాడు. కడపావిడ లాన్ వైపు రాకుండా చుట్టు తిరిగి కూరగాయలకు వెళ్ళడం నా కళ్ళతో చూశాను. పావురాలు కూడా రావడం తగ్గించాయి.

హోలీ దగ్గర పడుతుండగా వీరభద్రం గారు అందరినీ పిలిచి మీటింగు పెట్టారు.

"చలికాలం అయిపోవచ్చిందండీ. ఈ సీజన్‌కి ఆఖరి టిఫిన్ ఏం పెడదాం? మాట ఇచ్చాను కాబట్టి ఉగ్గానికే నా ఓటు."

సీమ వాళ్ళందరూ ఎవరి చెప్పులు వాళ్ళు చూసుకుంటున్నారు. నోరు తెరిస్తే పరువు పోతుంది, తెరవకపోతే మళ్ళీ ఉగ్గాని తినాలి. అంతలో ఒక గొంతు గట్టిగా వినిపించింది.

"పెసరట్టు!"

అందరూ తలలు తిప్పారు. ఆ గొంతు నాదే.

"పెసరట్టండీ," అన్నాను మళ్ళీ. "ఉప్మాతో. అల్లం పచ్చడితో. మీ కాళ్ళు పట్టుకుంటా."

వీరభద్రం గారు కళ్ళద్దాలు తీసి నన్ను తేరిపార చూశారు. "అదేంటండీ! ఉగ్గాని కోసం అంత పోట్లాడారు. మరి మీ సీమ పౌరుషం ఏమైందండీ?"

"ఎక్కడికీ పోలేదండీ," అన్నాను. "ఇంట్లోనే ఉంది. ఇంకా రెండు బస్తాలుంది."

కాబట్టి పాఠక మహాశయులారా, కుడి చెయ్యి గుండెల మీద, ఎడమ చెయ్యి వంటింటి త్రాసు మీద పెట్టి, మా ఆవిడ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో నీళ్ళను తప్ప మరే పదార్థాన్నీ లీటరుకు కిలో అనను. ఆ నీళ్ళను కూడా భారతి తూచి చూసి ఔనన్నాకే అంటాను.